చావు దేవుడికి రోజూ పూజలా? అబిడోస్ గుడి చూశాక వచ్చిన సందేహం

అత్తిలి_అబ్బాయి
డిసెంబరులో అమ్మానాన్నల్ని తీసుకుని ఈజిప్టు వెళ్ళొచ్చాను. లక్సర్‌లో ఉన్నప్పుడు ఒకరోజు కారు మాట్లాడుకుని అబిడోస్ వెళ్ళాం. సేతీ రాజు కట్టించిన గుడి అది. ఆ రంగులు, ఆ చెక్కడం చూసి నోరు తెరిచాం. గైడుతోనే తంటా. ఏ గోడ ముందు నిలబడ్డా "ఒసైరిస్, చచ్చినవాళ్ళ దేవుడు" అని ఒకటే మాట, ఆపైన ఫోటోలు తీసుకోండి అని పక్కకి తప్పుకోవడం. మధ్యలో అమ్మ అడిగింది: "శ్మశానం దేవుడికి ఇంత గుడేమిట్రా? లోపలికొచ్చినందుకు తలస్నానం చెయ్యాలా ఏమిటి?" నా దగ్గర జవాబు లేదు.

నా సందేహాలు ఇవీ. మిగతా దేవుళ్ళలాగే ఈయనకీ రోజూ పూజ జరిగేదా, లేక ఎవరైనా పోయినప్పుడేనా? నక్క తల అనూబిస్‌కి అసలు గుళ్ళే లేవన్నాడు గైడు, నిజమేనా? ఇంకోటి, లోపల వరసగా ఏడు గదులున్నాయి. ఒసైరిస్ గదికి మాత్రం వెనక నుంచి దారి ఉంది. ఎందుకలా?

వేపపుల్ల
అమ్మగారు తలస్నానం చేశారా లేదా, ముందు అది తేల్చండి.

అత్తిలి_అబ్బాయి
హోటల్‌కి రాగానే చేసింది. నాన్నకీ నాకూ తప్పలేదు. గీజరు పని చెయ్యలేదు.

మాష్టారు_63
అందులో నవ్వాల్సిందేముంది బాబూ. శ్మశానానికి వెళ్తే స్నానం చేసిగానీ మనం గడప తొక్కం. అమ్మగారిది సరైన ప్రశ్నే. మనకైనా యముడికి గుళ్ళు అరుదు. ధర్మపురిలో నరసింహస్వామి గుడి ఆవరణలో యమధర్మరాజుకి ఉంది. నేను చూసింది అదొక్కటే.

గోదారిగట్టు
యముడితో పోల్చకండి మాష్టారూ. యముడు ప్రాణం తీసుకెళ్తాడు. ఒసైరిస్ ఎవరి ప్రాణమూ తియ్యడు, ఆయనే చచ్చినవాడు.

మాష్టారు_63
మర్త్యుల్లో మొదట పోయి, వెనకొచ్చేవాళ్ళకి దారి కనిపెట్టినవాడు యముడని వేదంలోనే ఉంది. మీరన్నంత దూరం కాదు.

గోదారిగట్టు
ఒప్పుకున్నా. అయినా అక్కడ పాశమూ లేదు, దున్నపోతూ లేదు.

రాతిరాత
అత్తిలి_అబ్బాయి గారూ, మీరు నిలబడ్డ గదుల్లోనే జవాబు ఉంది. లోపలికి చూస్తూ నిలబడితే ఎడమ చివర సేతీ రాజు గది, తర్వాత వరసగా ప్తాహ్, రా-హొరాఖ్తి, అమున్-రా, ఒసైరిస్, ఐసిస్, హోరస్. రాజు గది వదిలేస్తే మిగతా ఆరింట్లోనూ గోడల మీద దాదాపు ఒకే పూజ చెక్కారు. అంటే నిత్యపూజ దగ్గర ఒసైరిస్‌కీ మిగతావాళ్ళకీ తేడా చూపలేదు.

ఆ పూజ ఎలా ఉండేదంటే: తెల్లవారుతుండగా పూజారి వచ్చి, గర్భగుడి తలుపుకి ముందురోజు వేసిన మట్టి ముద్ర పగలగొడతాడు. గడియ లాగుతాడు. తలుపులు తెరుచుకోగానే నేలకి ముఖం ఆనించి సాగిలపడతాడు. స్తోత్రం, సాంబ్రాణి. నిన్నటి బట్ట విప్పి, నిన్నటి తైలం తుడిచి, శుభ్రం చేసి, రంగు రంగుల నార బట్టలు ఒక్కోటీ సమర్పిస్తాడు. మళ్ళీ తైలం, నగలు, నైవేద్యం. పని అయ్యాక వెనక్కి నడుస్తూ, తన కాలి గుర్తులు చీపురుతో తుడిచేసుకుంటూ బయటికొచ్చి, తలుపు మూసి ముద్ర వేస్తాడు. లోపల మనిషి తిరిగిన జాడ మిగలకూడదు.

గోడల మీద ఇదంతా రాజే చేస్తుంటాడు. దేశంలో అన్ని గుళ్ళలో ఒకే పొద్దున ఒక్క రాజు ఎలా ఉంటాడు? నిజంగా చేసేది పూజారులు, వంతులవారీగా. నాలుగు జట్లుండేవి, ఒక్కో జట్టుది నెల వంతు. మిగతా రోజుల్లో వాళ్ళ పనులు వాళ్ళవి.

వెనక దారి సంగతి: మిగతా గదుల్లో వెనక గోడకి ఉత్తుత్తి తలుపు చెక్కి వదిలేశారు. ఒసైరిస్ గదికి నిజం తలుపు పెట్టి, దాని వెనక స్తంభాల సావడి, అక్కడ ఆయనకీ ఐసిస్‌కీ హోరస్‌కీ మళ్ళీ గదులు కట్టారు. ఊరు ఆయనది. వరస మధ్యలో అమున్‌ని కూర్చోబెట్టినా, లోతు మాత్రం ఒసైరిస్‌కే ఇచ్చారు.

వేపపుల్ల
కాలిగుర్తులు తుడుచుకుంటూ వెనక్కి నడవడం మా ఇంట్లో కూడా ఉంది. మాప్ పెట్టిన రోజు.

పాలపిట్ట
నైవేద్యం తర్వాత ఏమయ్యేది? ప్రసాదంలాగా పంచేవాళ్ళా?

రాతిరాత
దాదాపు అంతే. పెద్ద దేవుడి ముందు పెట్టి, తర్వాత పక్క దేవుళ్ళ ముందుకీ, రాజుల విగ్రహాల ముందుకీ జరిపి, ఆఖరున పూజారుల ఇళ్ళకి. జీతంలో భాగం అది. రొట్టె, బీరు, మాంసం, ఉల్లిపాయలు. జనానికి పంచేది కాదు, వాళ్ళని లోపలికే రానిచ్చేవారు కాదు.

గోదారిగట్టు
ఇది చదవగానే సుప్రభాతం, అభిషేకం, ఏకాంతసేవ అంటూ వరస కడతారు చూడండి. పోలిక కనిపించడం వేరు, సంబంధం ఉండడం వేరు. దేవుణ్ణి ఇంటి యజమానిలా చూసుకునే చోటల్లా లేపడం, కడగడం, తినిపించడం వస్తాయి.

మాష్టారు_63
ఎవరూ అనకముందే ఖండించారు. భేష్.

నిద్రరానివాడు
కథ తెలియనివాళ్ళ కోసం ఎవరైనా క్లుప్తంగా చెప్పండి. ఒసైరిస్‌ని ఎవరు చంపారు?

కువైట్_కబుర్లు
తమ్ముడు సేత్. రాజ్యం కోసం. ముక్కలు చేసి పారేశాడు. భార్య ఐసిస్ వెతికి, పోగుచేసి, కట్టు కట్టి నిలబెట్టింది. అదే మొదటి మమ్మీ. కట్టు కట్టినవాడు అనూబిస్ అంటారు. తర్వాత కొడుకు హోరస్ పుట్టి, బాబాయితో పోరాడి రాజయ్యాడు. బతికున్న రాజు హోరస్, పోయిన రాజు ఒసైరిస్. మన ఆస్తి తగాదాలే, కాస్త పెద్ద ఎత్తున.

మాష్టారు_63
ముక్కలు ఎన్ని? అవి పడ్డ చోటల్లా గుళ్ళు వెలిశాయా? మనకి అష్టాదశ శక్తిపీఠాలున్నట్టు.

రాతిరాత
గ్రీకు రచయిత ప్లుటార్క్ 14 అన్నాడు. ఈజిప్టు గుళ్ళలో లెక్క ఊరూరికీ మారుతుంది. చాలా ఊళ్ళు తమ దగ్గర ఫలానా భాగం ఉందని చెప్పుకునేవి. అబిడోస్ తల తన దగ్గరుందంది. తేనెతుట్టె ఆకారం, పైన రెండు పొడవైన ఈకలు ఉన్న ఒక గుర్తు ఆ గుడి గోడల మీద కనిపిస్తుంది, తల ఉంచిన పెట్టె అదే. గోదారిగట్టు గారు వచ్చేలోపు నేనే చెప్తా: పోలిక మాత్రమే, సంబంధం కాదు.

గోదారిగట్టు
:) వదిలేశా.

డల్లాస్_బాబాయ్
అబిడోస్ అంటే హెలికాప్టర్ ఉన్న గుడే కదా? పై దూలం మీద స్పష్టంగా హెలికాప్టర్, జెట్ ఉన్నాయి. మా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం?

వేపపుల్ల
బాబాయ్ వచ్చేశాడు.

రాతిరాత
అది రెండుసార్లు రాసిన రాత బాబాయ్. సేతీ బిరుదు ఒకటి ముందు చెక్కారు. తర్వాత అతని కొడుకు రెండో రామెసెస్ దాన్ని గచ్చుతో పూడ్చి, తన బిరుదు పైన చెక్కించాడు. మూడు వేల ఏళ్ళకి గచ్చు రాలిపోయి రెండు రాతలూ ఒకదాని మీద ఒకటి బయటపడ్డాయి. పాత సైన్‌బోర్డు మీద కొత్త పేరు రాస్తే, ఎండకి రంగు పోయాక రెండు దుకాణాల పేర్లూ కలిసి కనబడవూ, అలా.

డల్లాస్_బాబాయ్
సరేలే. కానీ చూడ్డానికి హెలికాప్టరే.

అత్తిలి_అబ్బాయి
మా గైడు అన్నిటికంటే ఎక్కువ సేపు చూపించింది అదే! మెడ నొప్పి పుట్టింది.

లిపిపిచ్చి
ఆ గుడిలో దానికంటే మంచి విచిత్రం ఒకటుంది. సేతీ అంటే సేత్ మనిషి అని అర్థం. అంటే ఒసైరిస్‌ని చంపినవాడి పేరు పెట్టుకున్న రాజు, ఒసైరిస్ ఊళ్ళో గుడి కట్టాడు. పేరు రాయాలంటే సేత్ జంతువు బొమ్మ వెయ్యాలి. హతుడి ఇంట్లో హంతకుడి బొమ్మ ఎలా వేస్తారు? అందుకని అక్కడ ఆ బొమ్మ తీసేసి, ఐసిస్ ముడి అనే గుర్తుతోనో ఒసైరిస్ బొమ్మతోనో పేరు రాశారు. వేరే చోట్ల మామూలుగా సేత్ జంతువుతోనే ఉంటుంది. మీ ఫోటోల్లో పేరు చుట్టూ గీసిన కోడిగుడ్డు ఆకారం గీతలో వెతకండి.

పాలపిట్ట
రావణరావు రామాలయం కట్టించినట్టన్నమాట.

లిపిపిచ్చి
కట్టించి, శిలాఫలకం మీద "రా. రావు" అని వేయించుకున్నట్టు.

కువైట్_కబుర్లు
అనూబిస్‌కి గుళ్ళు లేవన్నది తప్పు. నేను రెండేళ్ళ కిందట కైరో దగ్గర సక్కారా అనే పాత సమాధుల చోటుకి వెళ్ళాను. అక్కడ ఆయన గుడి ఆవరణ ఉండేదని చూపించారు, ఇప్పుడు పునాదులే. కింద కుక్కల సొరంగం ఉందని చెప్పారు గానీ మమ్మల్ని దింపలేదు.

గోదారిగట్టు
గైడు మాట పూర్తిగా తప్పేం కాదు. లక్సర్‌లో అమున్ గుడి కర్నాక్‌లాగా నిలిచిన పెద్ద గుడి అనూబిస్‌కి ఒక్కటీ లేదు. ఆయన ఊరు హర్దాయ్, గ్రీకులు కుక్కల ఊరన్నది. అక్కడ చూడ్డానికి చెప్పుకోదగ్గ గుడి మిగల్లేదు. ఉన్నవన్నీ ఇంకొకరి గుడిలో చిన్న గది, సమాధి గోడ మీద బొమ్మ.

రాతిరాత
మిగలకపోవడం వేరు, లేకపోవడం వేరు. అస్యూత్ అనే ఊరు చూడండి. పన్నెండో వంశం మొదట్లో, ఒకటో సెనుస్రెత్ కాలంలో, అక్కడ హపిజెఫా అనే ప్రాంతాధికారి ఉండేవాడు. తన సమాధి గోడ మీద పది ఒప్పందాలు చెక్కించుకున్నాడు, తాను పోయాక తన విగ్రహానికి ఎవరేం ఇవ్వాలో. ఊళ్ళో ఉపువావెత్ అనే దేవుడి గుడి పూజారులతో కొన్ని, అనూబిస్ గుడి పూజారులతో కొన్ని. గుడే లేకపోతే పూజారులతో కాగితాలెందుకు?

ఆ ఒప్పందాలు చదివితే మన గుడి మాన్యాల దస్తావేజులే గుర్తొస్తాయి. అనూబిస్ ప్రధాన పూజారి దీపానికి మూడు వత్తులు ఇవ్వాలి: ఏడాది చివర కలిపే అయిదు రోజుల్లో ఆఖరిది ఒకటి, కొత్త సంవత్సరం రోజు ఒకటి, వగ్ అనే పోయినవాళ్ళ పండగ రాత్రి ఒకటి. మూడే వత్తులు! దానికి బదులు పొలం. ఇచ్చేది పదవి వల్ల వచ్చిన ఆస్తిలోంచి కాదు, తండ్రి నుంచి వచ్చిన దాంట్లోంచి అని కూడా రాయించాడు, వెనకొచ్చే అధికారి లాక్కోకుండా. గుడి ఆదాయంలో ఒక రోజు వాటా అంటే ఏడాదిలో 360వ వంతు అని లెక్క కూడా అందులోనే కట్టాడు.

నిద్రరానివాడు
మూడు వత్తులకి పొలం. రేటు బాగుంది. పూజారి ఉద్యోగం ఖాళీ ఉందా?

మాష్టారు_63
వత్తి విలువ కాదు బాబూ. తాను పోయాక ఎవరో ఒకరు ఆ మూడు రాత్రులూ దీపం పెడతారన్న ధైర్యానికి ఆ పొలం.

రాతిరాత
గోదారిగట్టు గారి చిన్న గది మాటకి ఇంకొకటి. లక్సర్‌లో హత్షెప్సుత్ రాణి గుడిలో రెండో మెట్టు మీద ఉత్తరపు వైపు అనూబిస్ గది ఉంది. ముందు 12 స్తంభాల సావడి, పైకప్పు నీలం, దాని మీద పసుపు చుక్కలు. రంగులు ఇప్పటికీ ఉన్నాయి. రాణి బొమ్మల్ని తర్వాత గీకేశారు, ఆవిడ సవతి కొడుకు మూడో తుత్మోస్ రాజు బొమ్మల్ని ముట్టుకోలేదు, అనూబిస్‌ని అసలే ముట్టుకోలేదు. ఆయన ముందు నైవేద్యం కుప్పలు చూస్తే చిన్న దేవుడనిపించదు.

అత్తిలి_అబ్బాయి
అయ్యో, అక్కడికీ వెళ్ళాం! ఎండకి నాన్న మెట్ల దగ్గర కూలబడితే మేం పై అంతస్తు చూసి దిగిపోయాం.

లిపిపిచ్చి
ఒకటి మర్చిపోతున్నాం. ఒసైరిస్ కంటే అనూబిస్సే పాత. మొదటి రాజవంశాల కాలంలో సమాధుల మీద నైవేద్యం కోరేది అనూబిస్‌నే. ఒసైరిస్ పేరు అయిదో వంశం దాకా, అంటే సుమారు క్రీ.పూ. 2400 దాకా, ఎక్కడా కనపడదు. అబిడోస్‌లో కూడా ముందున్నది ఖెంతి-అమెంతియు అనే నక్క దేవుడు. ఆ పేరుకి అర్థం పడమటివాళ్ళకి పెద్ద. పడమటివాళ్ళంటే పోయినవాళ్ళు, పొద్దు గుంకే దిక్కు అదే, సమాధులూ ఎక్కువగా అటే ఉండేవి కాబట్టి. ఒసైరిస్ తర్వాత వచ్చి ఆయన పేరునే తన బిరుదు చేసుకున్నాడు.

వేపపుల్ల
మనకి దక్షిణం, వాళ్ళకి పడమర. దిక్కుమాలిన చర్చ అనుకున్నా గానీ దిక్కు దొరికింది.

పాలపిట్ట
కువైట్_కబుర్లు గారూ, కుక్కల సొరంగం ఏమిటి?

కువైట్_కబుర్లు
అనూబిస్‌కి మొక్కుగా ఇచ్చిన కుక్కల మమ్మీలు. క్రీస్తుపూర్వం ఆఖరి శతాబ్దాల నాటివి. నేల కింద ఒక పెద్ద నడవ, అటూ ఇటూ గదులు, నిండా పేర్చారు. కార్డిఫ్ యూనివర్సిటీవాళ్ళు దిగి కొలిచి, దాదాపు 80 లక్షల జంతువులు పట్టి ఉంటాయని 2015లో ప్రకటించారు. లక్షలే, తప్పు రాయలేదు.

పాలపిట్ట
అన్ని కుక్కలు ముసలితనంతో చచ్చిపోయి ఉండవు కదా.

రాతిరాత
లేదండి. చాలావరకు పుట్టి గంటలో రోజులో అయిన పిల్లలు. దీనికోసమే పెంచి, తల్లి నుంచి విడదీసినట్టుంది. కొన్ని పెద్ద కుక్కలూ ఉన్నాయి, అవి గుడి ఆవరణలో బతికినవి కావచ్చు. భక్తుడు వచ్చి డబ్బిచ్చి ఒక మమ్మీ సమర్పిస్తాడు, తన మొర దేవుడి దాకా తీసుకెళ్తుందని.

పాలపిట్ట
నేను రోజూ పొద్దున్నే వీధిలో నాలుగు కుక్కలకి అన్నం పెడతాను. ఈ ముక్క చదవకుండా ఉంటే బాగుండేది.

గోదారిగట్టు
దేవుడి రూపమని పెంచి, ఆ దేవుడికే చంపి ఇవ్వడం మనకి వింతగా ఉంటుంది. వాళ్ళకి చంపడం అన్నట్టే ఉండి ఉండదు, పంపడం అనుకుని ఉంటారు. సమర్థించడం లేదు, చెప్తున్నానంతే.

నిద్రరానివాడు
అనూబిస్ నక్కా, కుక్కా, తోడేలా? ఒక్కొక్కరు ఒక్కొక్కటి అంటున్నారు.

లిపిపిచ్చి
అక్కడి జంతువుని ఇన్నాళ్ళూ నక్క అన్నారు. 2015లో జన్యువులు చూసి ఆఫ్రికా బంగారు తోడేలు అన్నారు. ఏదైనా దాని ఒళ్ళు ఇసుక రంగే. దేవుణ్ణి మాత్రం నల్లగా వేశారు. నైలు వరద వదిలే ఒండ్రు నలుపు, మమ్మీ చేశాక శరీరం నలుపు. ఆ రెండూ తిరిగి మొలవడానికి గుర్తు.

డల్లాస్_బాబాయ్
మమ్మీ అంటే గుర్తొచ్చింది, హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఒకటుంది. చిన్నప్పుడు స్కూలువాళ్ళు తీసుకెళ్తే నేను కళ్ళు మూసుకుని నిలబడ్డాను. బయటికొచ్చి చూశానని అబద్ధం చెప్పాను.

కువైట్_కబుర్లు
1930లో నిజాం కుటుంబం నుంచి మ్యూజియంకి వచ్చిందని చదివాను. ఈసారి కళ్ళు తెరిచి చూడండి బాబాయ్.

మాష్టారు_63
అసలు ప్రశ్నకి వద్దాం. జనాన్ని లోపలికి రానివ్వరన్నారు. మరి మామూలు మనిషికి ఈ ఒసైరిస్‌తో పనేమిటి? ఉత్సవాలు లేవా?

రాతిరాత
ఆ మాట కోసమే చూస్తున్నా మాష్టారూ. అబిడోస్ పేరు మోసింది గర్భగుడి వల్ల కాదు, ఊరేగింపు వల్ల.

ఊరికి పడమరగా ఎడారిలో మొదటి వంశపు రాజుల సమాధులున్నాయి. వాటిలో జేర్ అనే రాజు సమాధిని, అతను పోయిన వెయ్యేళ్ళ తర్వాతి జనం ఒసైరిస్ సమాధే అని నమ్మారు. ఏటా ఒసైరిస్ ఉత్సవమూర్తిని నెష్మెత్ అనే పడవ పల్లకీలో పెట్టి గుడి నుంచి అక్కడికి మోసుకెళ్ళేవారు. ముందు ఉపువావెత్, అంటే దారులు తెరిచేవాడు, బయల్దేరతాడు. దారిలో సేత్ మనుషులు పడవ మీద పడినట్టూ, దేవుడి పక్షంవాళ్ళు తరిమికొట్టినట్టూ ఆడేవారు. సమాధి దగ్గర రాత్రి గడిపి, దేవుడు బతికి లేచినట్టు మళ్ళీ గుడికి తెచ్చేవారు.

ఇదంతా ఊహ కాదు. మూడో సెనుస్రెత్ రాజు, నూబియా నుంచి తెచ్చిన బంగారంతో దేవుడికి నగలు చేయించమని ఇఖెర్నోఫ్రెత్ అనే కోశాధికారిని అబిడోస్ పంపాడు. ఆయన తాను చేసిందంతా ఒక రాతి పలక మీద చెక్కించుకున్నాడు, అది ఇప్పుడు బెర్లిన్‌లో ఉంది. పడవ బాగు చేయించాడు, దేవుణ్ణి అలంకరించాడు, శత్రువుల్ని తరిమాడు, ఉత్సవంలో కొడుకు వేషం తనదే. అయితే సమాధి దగ్గర లోపల ఏం జరిగిందో ఒక్క ముక్క రాయలేదు.

గోదారిగట్టు
గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ కూడా అంతే. సాయిస్ ఊళ్ళో కొలను దగ్గర రాత్రిపూట ఆ దేవుడి పాట్లు ఆడి చూపిస్తారని రాసి, ఎవరి పాట్లో పేరు చెప్పడం ధర్మం కాదని ఆపేశాడు. తెలిసి చెప్పకపోవడం ఒక మర్యాద.

వేపపుల్ల
మా వదిన హెరొడొటస్ వంశమేమో. అంతా చెప్పి పేరు దగ్గర ఆపుతుంది.

కువైట్_కబుర్లు
ఆ సమాధుల చోటుని ఇప్పుడు ఉమ్ అల్ ఖాబ్ అంటారు, కుండల తల్లి అని అర్థం. మొక్కులు తెచ్చినవాళ్ళు వదిలిన కుండ పెంకులు లక్షల కొద్దీ, నేల కనపడదట. జేర్ సమాధిలోనే 1898లో నల్లరాతి మంచం దొరికింది, దాని మీద ఒసైరిస్ పడుకుని ఉంటాడు, పైన ఐసిస్ గద్ద రూపంలో. కొన్నేళ్ళకి అక్కడ తవ్విన ఇంగ్లీషు పురావస్తు శాస్త్రవేత్త పెట్రీ మనుషులకి అదే సమాధి గోడ కంతలో బట్ట చుట్టిన చెయ్యి, దానికి నాలుగు గాజులు దొరికాయి. కైరో మ్యూజియంకి చేరాక గాజులుంచి చెయ్యి పారేశారు.

పాలపిట్ట
పారేశారా!! అయిదు వేల ఏళ్ళ చెయ్యి!

అత్తిలి_అబ్బాయి
గైడు ఒక రొట్టె కోసం మమ్మల్ని గంట ఆపాడు గానీ ఇవేవీ చెప్పలేదు. ఆ కుండల చోటు గుడికి ఎంత దూరం?

రాతిరాత
ఎడారిలోకి రెండు కిలోమీటర్లకి కొంచెం తక్కువ. మధ్యలో ఒక ఎండు వాగు, అదే ఊరేగింపు దారి. ఆ దారిలో ఎవరూ సమాధి కట్టుకోకూడదని రాజాజ్ఞ రాయి నాటారు, కట్టినవాణ్ణి కాల్చేస్తామని. అంత బెదిరించారంటే జనం ఎంత ఆశపడేవారో చూడండి.

దారి మీద వద్దన్నారు కాబట్టి దారి కనపడేచోట మొదలెట్టారు. గుడి పక్కన మట్టి ఇటుకలతో చిన్న చిన్న గదులు, ఒక్కోదాంట్లో రాతి పలకలు. వాటి మీద తన పేరు, భార్య పేరు, పిల్లల పేర్లు, ఒక్కోసారి ఇంట్లో పనివాళ్ళ పేర్లు. సమాధి వేరే ఊళ్ళో ఉన్నా సరే, అబిడోస్‌లో ఒక రాయి ఉండాలి. దేవుడు ఊరేగే ప్రతిసారీ ఆ సాంబ్రాణి పొగ తమకి తగలాలి, నైవేద్యంలో ఇంత తమకి చేరాలి. చాలా పలకల మీద కోరింది అదే. ప్రపంచంలో పెద్ద మ్యూజియంలన్నిటిలో అబిడోస్ పలకలు వందలకొద్దీ ఉన్నాయి.

మాష్టారు_63
గుళ్ళో మెట్ల మీద, బండల మీద పేర్లు చెక్కించుకుంటాం మనం. భక్తుల కాళ్ళ దుమ్ము తగలాలని.

గోదారిగట్టు
ఈ పోలికకి అడ్డు చెప్పను.

లిపిపిచ్చి
పొలం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఖోయాక్ నెలలో, వరద తగ్గి విత్తనం వేసే వేళ, ఒసైరిస్ పండగ. ఒసైరిస్ ఆకారంలో అచ్చు చేసి, అందులో ఇసుక, బార్లీ గింజలు వేసి రోజూ నీళ్ళు పోసేవారు. మొలకలొచ్చేవి. అచ్చులోంచి తీసి, ఆరబెట్టి, కట్టు కట్టి, నిరుటి బొమ్మని పాతిపెట్టేవారు. దెండెరా గుడి పైకప్పు మీది ఒసైరిస్ గదుల్లో ఈ తంతు తేదీలతో సహా చెక్కి ఉంది: పన్నెండో రోజు గింజలు, ఇరవై రెండున 34 చిన్న పడవలు 365 దీపాలతో, నెలాఖరున ఒసైరిస్ గుర్తయిన స్తంభం నిలబెట్టడం.

పాలపిట్ట
మా అన్న పెళ్ళిలో పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించారు. రోజూ నీళ్ళు చల్లే పని నాకిచ్చారు. రెండో రోజు మర్చిపోతే అత్తయ్య తిట్టిన తిట్లు ఇంకా గుర్తు.

నిద్రరానివాడు
చచ్చినవాడి బొమ్మ నుంచి మొలక. అందుకే చావు దేవుడు అనగానే భయం వెయ్యలేదన్నమాట వాళ్ళకి.

గోదారిగట్టు
భయం లేదని ఎవరన్నారు? భయం లేకపోతే ఇన్ని రాళ్ళు ఎందుకు నాటుతారు.

కువైట్_కబుర్లు
అసలు ఈ పూజ ఎప్పుడు ఆగింది? క్రైస్తవం వచ్చాక వెంటనేనా?

రాతిరాత
వెంటనే కాదు. దక్షిణాన ఫిలే దీవిలో చాలాకాలం సాగింది. దాని పక్కన బిగ్గె దీవిలో ఒసైరిస్ సమాధి ఉందనేవారు. మామూలువాళ్ళు అడుగు పెట్టకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. చుట్టూ 365 నైవేద్యపు పీటలు, పాలు పోసేవారు. పది రోజులకోసారి ఐసిస్ విగ్రహం పడవెక్కి మొగుడి సమాధికి వెళ్ళొచ్చేది. మనకి తేదీతో తెలిసిన ఆఖరి చిత్రలిపి రాత ఫిలేలోనే ఉంది, క్రీ.శ. 394 ఆగస్టు 24. రాసిన పూజారి ఆ రోజు ఒసైరిస్ పుట్టినరోజని కూడా రాశాడు. గుడి పూర్తిగా మూతపడింది ఆరో శతాబ్దంలో, రోమన్ చక్రవర్తి జస్టీనియన్ కాలంలో.

మాష్టారు_63
పది రోజులకోసారి. ఆవిడ ఓపికకి దండం.

వేపపుల్ల
అత్తిలి అమ్మగారి తలస్నానం మాత్రం తేలలేదు.

గోదారిగట్టు
తేలుస్తా. హెరొడొటస్ రాసినదాని ప్రకారం ఈజిప్టు పూజారులు పగలు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు చన్నీళ్ళ స్నానం చెయ్యాలి. రోజు విడిచి రోజు ఒళ్ళంతా గొరిగించుకోవాలి. నార బట్టలు తప్ప కట్టకూడదు. చేపలు ముట్టకూడదు. కాబట్టి అమ్మగారు చేసింది సగం కూడా కాదు. తేడా ఒకటే, మనం శ్మశానం నుంచి వచ్చాక చేస్తాం, వాళ్ళు ఆ దేవుడి దగ్గరికి వెళ్ళే ముందు చేసేవారు.

వేపపుల్ల
చేపలు లేకుండానా. పూజారి ఉద్యోగానికి నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నా.

నిద్రరానివాడు
అడిగింది నేను!

అత్తిలి_అబ్బాయి
అమ్మకి చదివి వినిపించాను. "నాలుగుసార్లా, చన్నీళ్ళా" అని ఒక్కసారి నావైపు చూసి, గీజరు మాట మళ్ళీ ఎత్తింది.

ఇప్పుడే ఫోటోలన్నీ మళ్ళీ తిప్పాను. లిపిపిచ్చి గారూ, పేరు దొరికింది. గుడ్డు ఆకారం గీతలో చేతులు కిందికి వేలాడేసినట్టున్న ముడి గుర్తు, అదేనా? ఇంకోటి. ఒసైరిస్ గదిలో తీసిన ఒక ఫోటోలో రాజు ఎడమచేతిలో చిన్న గిన్నె పట్టుకుని, కుడిచేతి చిటికెన వేలు దేవుడి ముఖం వైపు చాచి ఉన్నాడు. అక్కడ ఉన్నప్పుడు దేవుణ్ణి ఏదో మందలిస్తున్నాడనుకుని నాన్నా నేనూ నవ్వుకున్నాం.

లిపిపిచ్చి
ముడి అదే.

రాతిరాత
మందలింపు కాదండి. తైలం పూస్తున్నాడు. గిన్నెలో ఉన్నది అదే, చిటికెన వేలితో నుదుటికి రాస్తారు. బట్టలు కట్టడం అయ్యాక వచ్చే సేవ అది.

అత్తిలి_అబ్బాయి
పెద్దది చేసి చూశాను. వేలు చివర గోరు కూడా చెక్కారు.